టెలిస్కోపు దగ్గరికి వచ్చే ముందు: ఆకాశ దర్శనంపై అపోహలు - వాస్తవాలు

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో బడి మైదానాల్లో, కళాశాల ఆవరణల్లో మా ఖగోళ బృందం ఆకాశ దర్శనం ఏర్పాటు చేస్తుంటుంది. పొద్దుగూకే వేళ ఒక ఉపన్యాసం, చీకటి పడ్డాక టెలిస్కోపులు. వచ్చినవారిలో కొందరు ఐపీస్ దగ్గర కన్ను పెట్టి రెండు క్షణాలు చూసి, "ఇంతేనా?" అని పక్కకు తప్పుకుంటారు. వారిని నిరాశపరిచింది ఆకాశం కాదని నా గట్టి నమ్మకం. ఫొటోలు, ప్రకటనలు, ఫోనుల్లో తిరిగే సందేశాలు వారి మనసులో ముందే ఒక బొమ్మ గీసి పెట్టాయి. ఆ బొమ్మను ముందే సరిదిద్దితే అదే మనిషి రెండోసారి వరుసలో నిలబడతారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: టెలిస్కోపులో అన్నీ ఫొటోల్లో ఉన్నట్టే రంగురంగులుగా కనబడతాయి.

చలికాలంలో మేము తప్పకుండా చూపించేది ఓరియన్ నీహారిక, అంటే అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం. వరసగా మెరిసే మూడు చుక్కలకు కాస్త కింద ఉంటుంది. పత్రికల్లో గులాబీ, ఊదా రంగుల్లో వెలిగిపోయే ఈ నీహారిక కంటికి మాత్రం బూడిద రంగు పొగలా కనబడుతుంది. పెద్ద టెలిస్కోపులో అయితే లేత ఆకుపచ్చ ఛాయ తోస్తుంది. కారణం మన కంట్లోనే ఉంది. మసక వెలుగులో పనిచేసే దండ కణాలకు రంగు తెలియదు. రంగు తెలిసిన శంకు కణాలకు ఆ వెలుగు చాలదు. కెమెరా నిమిషాల తరబడి కాంతిని పోగు చేసుకోగలదు, కన్ను అలా చేయలేదు.

అయినా ఆ పొగను చూసీచూడనట్టు వదిలేయకండి. కన్ను చీకటికి అలవాటు పడడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోను తెర చూస్తే మళ్లీ మొదటికి వస్తుంది. మా టార్చిలైట్లకు ఎర్ర కాగితం చుట్టి ఉండేది ఇందుకే. నీహారికను సూటిగా కాకుండా దాని పక్కకు చూడండి. దండ కణాలు కంటిపొర మధ్యలో కంటే చుట్టూ ఎక్కువగా ఉంటాయి కాబట్టి, పక్క చూపుకే మసక వెలుగు బాగా అందుతుంది. అర నిమిషం ఓపిక పడితే పొగలో మడతలు తేలతాయి, మధ్యలో దగ్గరదగ్గరగా నాలుగు చుక్కలు విడివడతాయి. అవి ఖగోళ లెక్కలో నిన్న మొన్న పుట్టిన నక్షత్రాలు. ఆ పొగను వెలిగిస్తున్నది అవే. మీ కంటిని చేరిన ఆ వెలుగు దాదాపు 1,300 ఏళ్ల కిందట బయల్దేరింది. దీన్ని ఏ ఫొటో మీ కంటికి అందించలేదు.

అపోహ: చంద్రుణ్ని చూడాలంటే పౌర్ణమి నాడే చూడాలి.

కార్యక్రమం పౌర్ణమికి పెట్టమని నిర్వాహకులు తరచూ అడుగుతారు. మేము శుక్లపక్షపు సప్తమి, అష్టమి తిథుల కోసం పట్టుబడతాం. పౌర్ణమి నాడు చంద్రుడి మీద ఎండ నిట్టనిలువుగా పడుతుంది, నీడలు ఉండవు, నీడ లేనిచోట ఎత్తుపల్లాలు తెలియవు. అష్టమి నాడు వెలుగు చీకట్ల సరిహద్దు చంద్రబింబం నడిమధ్యన ఉంటుంది. ఆ గీత వెంట చూపు సాగనివ్వండి. ఎపెనైన్ పర్వతాల శిఖరాలు ఎండలో మెరుస్తుంటే లోయలు ఇంకా చీకట్లో ఉంటాయి. షష్ఠి ప్రాంతంలో థియోఫిలస్ బిలం, దాని నడుమ లేచిన కొండ బాగా కనబడతాయి. నవమి, దశమికి 93 కిలోమీటర్ల వెడల్పున్న కోపర్నికస్ బిలం వెలుగులోకి వస్తుంది. పౌర్ణమికి మిగిలే అందం టైకో బిలం నుంచి నలుదిక్కులా పాకిన తెల్లని చారలు. అవి మాత్రం ఆ రోజే బాగుంటాయి. కానీ ఆ వెలుగులో ఆకాశంలోని మసక వస్తువులన్నీ మరుగున పడతాయి.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన నాటి నుంచి పిల్లలు విక్రమ్‌ను చూపించమంటున్నారు. ఆ కోరిక ఎంతో ముచ్చటైనది. కానీ మా ఆరంగుళాల టెలిస్కోపులో చంద్రుడి మీద సుమారు రెండు కిలోమీటర్ల కంటే చిన్నవి స్పష్టంగా తెలియవు. విక్రమ్ వెడల్పు రెండు మీటర్లే. హబుల్ టెలిస్కోపుకు కూడా అది అందదు. చంద్రుడి దక్షిణపు అంచు చూపించి, "ఆ ప్రాంతంలో ఉంది" అని చెబుతాం. అంత మాత్రానికే పిల్లలు మళ్లీ మళ్లీ చూస్తారు.

అపోహ: ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తే అంత మంచి టెలిస్కోపు.

డబ్బా మీద "600 రెట్లు" అని రాసి ఉన్న చిన్న టెలిస్కోపులు కొని, వాడలేక అటక మీద పెట్టినవారు చాలామంది. ముందున్న కటకం లేదా దర్పణం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని రెండుతో గుణించండి. పనికొచ్చే వృద్ధి అంతకు మించదు. 60 మిల్లీమీటర్ల దానికి 120 రెట్లు, మన ఆకాశంలో చాలా రాత్రులు అంత కూడా రాదు. వ్యాసం పెరిగితే పోగయ్యే వెలుగు పెరుగుతుంది. అసలు విలువ అక్కడుంది. దాంతోపాటు గట్టి స్టాండు కావాలి. కొనాలనుకుంటే ముందు ఏదైనా ఆకాశ దర్శనానికి వచ్చి నాలుగు రకాల్లో చూడండి. పిల్లల కోసమైతే ముందు 10x50 (పది రెట్ల వృద్ధి, 50 మిల్లీమీటర్ల కటకం) బైనాక్యులర్ చాలు.

ఈ ప్రాంతానికి సంబంధించి ఇంకో మాట. మన గుట్టలు, బండరాళ్లు పగలంతా ఎండను తాగి రాత్రి చాలాసేపు వేడి కక్కుతాయి. ఆ గాలిలోంచి చూస్తే గురుడు, శని వణుకుతూ కనబడతాయి. డాబా మీద, సిమెంటు నేల మీద కంటే మట్టి మీద, గడ్డి మీద పెట్టుకోవడం మేలు.

అపోహ: గ్రహం ఐపీస్‌లోంచి జారిపోయిందంటే నేనేదో కదిలించాను.

పెద్దవాళ్లు చాలా కంగారు పడి చేతులు వెనక్కి తీసుకుంటారు. మీరేమీ చేయలేదు, తిరిగింది భూమి. మోటారు లేని టెలిస్కోపులో 150 రెట్ల దగ్గర గురుడు ఒక అంచు నుంచి మరో అంచుకు నిమిషంన్నరలోపే దాటిపోతాడు. మీ కాళ్ల కింది నేల తిరగడం మీరు కంటితో చూశారు.

అపోహ: రోహిణి కార్తెలో రోహిణి నక్షత్రం కనబడుతుంది.

రైతు కుటుంబాల నుంచి వచ్చినవారు అడిగే ఈ ప్రశ్న నాకు అన్నిటికంటే ఇష్టం, ఎందుకంటే ఆకాశాన్ని సేద్యంతో కలిపి చూసే చూపు అందులో ఉంది. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే ఆ పేరుతో కార్తె నడుస్తుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె మే చివరి వారంలో మొదలవుతుంది. అంటే ఆ రోజుల్లో రోహిణి సూర్యుడి వెలుగులో మునిగి ఉంటుంది. రాత్రివేళ కనబడే అవకాశమే లేదు. దాన్ని చూడాలంటే డిసెంబరు, జనవరి రాత్రుల్లో తలెత్తండి. దాదాపు నడినెత్తిన నారింజ రంగులో వెలుగుతుంటుంది. దానికి పడమరగా పిల్లలకోడి, అంటే కృత్తికలు గుంపుగా ఉంటాయి. మామూలు కంటికి ఆరు, బైనాక్యులర్‌లో కొన్ని పదులు.

జన్మ నక్షత్రం చూపించమని అడిగేవారూ ఉంటారు. మీరు పుట్టిన వేళ చంద్రుడు ఆకాశంలో ఏ నక్షత్రం దగ్గర ఉన్నాడన్నదే ఆ పేరు. జాతకం మా పని కాదు గాని, చిత్త, స్వాతి, మఖ, జ్యేష్ఠ ఎక్కడున్నాయో సంతోషంగా చూపిస్తాం. ఇంట్లోనే పరీక్షించుకునే దారి ఒకటుంది. కార్తీక పౌర్ణమి రాత్రి దీపాలు పెట్టాక చంద్రుడి దగ్గర్లో వెతకండి, కృత్తికలు అక్కడే ఉంటాయి. వెన్నెల వల్ల బైనాక్యులర్ అవసరం కావచ్చు.

అపోహ: పెళ్లిలో పురోహితుడు ఎప్పుడు చూపించినా అరుంధతి అక్కడే ఉంటుంది.

పగటి పెళ్లి సంగతి అటుంచండి. అరుంధతి ఉన్న సప్తర్షి మండలం మన అక్షాంశంలో అస్తమించి మళ్లీ ఉదయిస్తుంది. కార్తీక, మార్గశిర మాసాల్లో రాత్రి ఎనిమిదింటికి అది ఉత్తర దిక్కున నేల కిందే ఉంటుంది. మాఘంలో తొమ్మిది దాటాక ఈశాన్యంలో పైకి వస్తుంది. వైశాఖ, జ్యేష్ఠ మాసాల ముహూర్తాలకైతే ఉత్తరాన ఎత్తుగా నిలిచి ఉంటుంది. అప్పుడు కొత్త దంపతులు నిజంగానే చూడవచ్చు. వసిష్ఠుడి పక్కనే మసకగా ఉన్న చుక్క అరుంధతి. చిన్న టెలిస్కోపులో వసిష్ఠుడు కూడా రెండు నక్షత్రాలుగా విడిపోతాడు.

అపోహ: మన ఊళ్ల నుంచి గొప్పవేవీ కనబడవు.

నల్గొండకు హైదరాబాద్ వెలుగు వాయవ్యం వైపు, మహబూబ్‌నగర్‌కు ఈశాన్యం వైపు. రెండు పట్టణాలకూ దక్షిణ దిక్కు చీకటిగా మిగిలింది. మనం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాం కాబట్టి ఆ దక్షిణాన ఐరోపాలో చాలామందికి కనబడని సంపద ఉంది. ఫిబ్రవరి రాత్రుల్లో అగస్త్య నక్షత్రం, రాత్రి ఆకాశంలో ప్రకాశంలో రెండోది, దక్షిణాన 20 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. మే మధ్యలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో త్రిశంకు, అంటే దక్షిణ శిలువ, నేలకు 13 డిగ్రీల ఎత్తున నిటారుగా నిలబడుతుంది. మరో గంటకు ఒమేగా సెంటారీ అనే నక్షత్ర గుచ్ఛం దక్షిణాన శిఖరానికి చేరుతుంది. అందులో సుమారు కోటి నక్షత్రాలున్నాయి. ఊరి దీపాలు దాటి, దేవరకొండ వైపో నాగార్జునసాగర్ వైపో దక్షిణం తెరిపిగా ఉన్న చోట నిలబడితే మామూలు కంటికే మసక చుక్కగా తెలుస్తుంది.

అపోహ: మనం చూస్తున్న నక్షత్రాల్లో చాలావరకు ఎప్పుడో చనిపోయాయి.

ఇది ఉపన్యాసకులే వ్యాప్తి చేస్తున్న మాట. సభ నిశ్శబ్దమైపోతుంది కాబట్టి చెప్పాలనిపిస్తుంది. దయచేసి ఆపండి. కాంతి ఏడాదిలో సాగే దూరం ఒక కాంతి సంవత్సరం. మృగవ్యాధుడు (సిరియస్) 8.6 కాంతి సంవత్సరాల దూరంలో, స్వాతి 37, రోహిణి సుమారు 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. కంటికి కనబడేవన్నీ దాదాపుగా కొన్ని వేల కాంతి సంవత్సరాల లోపువే. నక్షత్రాల ఆయుష్షు పదుల లక్షల నుంచి వేల కోట్ల ఏళ్లు. కాబట్టి ఈ రాత్రి మీకు కనబడుతున్నవి దాదాపు అన్నీ ఇప్పటికీ వెలుగుతూనే ఉన్నాయి.

అపోహ: ఆగస్టు 27న కుజుడు చంద్రుడంత పెద్దగా కనబడతాడు.

2003లో ఆ తేదీన కుజుడు భూమికి 5.58 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. ఆ వార్తే వక్రీకరణకు గురై ఏటా తిరుగుతోంది. ఆ రోజైనా కుజబింబం చంద్రబింబంలో సుమారు 75వ వంతు వెడల్పే.

అపోహ: గ్రహణ వేళ గర్భిణి బయటికి వస్తే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుంది.

ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం కాబట్టి మెత్తగా చెప్పలేను. బిడ్డ పై పెదవి గర్భం నాలుగో వారం నుంచి ఏడో వారం మధ్య రూపుదిద్దుకుంటుంది. మొర్రికి వంశపారంపర్యం, పోషక లోపాలు, పొగతాగడం, కొన్ని మందులు వంటివి కారణాలు. గ్రహణం నీడకు ఆ శక్తి లేదు. నిండు గర్భిణిని గంటల తరబడి నీళ్లు కూడా ఇవ్వకుండా కూర్చోబెట్టడం మాత్రం నిజంగా హాని.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణ మార్గం నల్గొండ ప్రాంతం మీదుగానే సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల్-రంగాపూర్ వేధశాల ఆ మార్గంలోనే ఉంది. అంత అరుదైన దృశ్యం ఇంటి ముందుకు వస్తే, తలుపులు వేసుకున్నవారే ఎక్కువని పెద్దలు చెబుతారు. చంద్రగ్రహణాన్ని మామూలు కంటితో ఎంతసేపైనా చూడవచ్చు. 2025 సెప్టెంబరు 7 రాత్రి 82 నిమిషాలు చంద్రుడు ఎర్రబడ్డాడు. సూర్యగ్రహణానికి మాత్రం ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న కళ్లద్దాలు తప్పనిసరి. ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టించిన అద్దం, నల్ల కళ్లద్దాలు, పసుపు నీళ్ల పళ్లెం, ఏవీ వద్దు. కంటి పొరకు నొప్పి తెలియదు, కాలిపోయాకే తెలుస్తుంది.

అపోహ: నల్గొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో రోజంతా కదలని నీడ శాస్త్రానికి అందదు.

సూర్యుడు కదులుతుంటే నీడ ఎందుకు కదలదని పగటి ఉపన్యాసాల్లో తప్పక అడుగుతారు. గర్భగుడిలోకి నేరుగా ఎండ పడదు. స్తంభాల సందుల్లోంచి చెదిరిన ఆకాశపు వెలుగు లోపలికి వస్తుంది. ఆ వెలుగు దారులు పగలంతా మారవు, నీడా మారదు. ఇది తెలిసి కట్టిన శిల్పుల మీద గౌరవం పెరుగుతుందే గాని తగ్గదు. ఇలాంటిదే ఇంకొకటి. మిట్టమధ్యాహ్నం సూర్యుడు రోజూ నడినెత్తిన ఉంటాడనుకుంటాం. మన జిల్లాల్లో అలా జరిగేది ఏడాదికి రెండు రోజులే: మే 7, 8 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 4, 5 ప్రాంతంలో మరోసారి. ఆ మధ్యాహ్నం నిటారుగా పాతిన కర్రకు నీడ పడదు. బడి పిల్లల చేత చేయించడానికి పైసా ఖర్చు లేని ప్రయోగం.

అపోహ: ఇది చదువుకున్నవారి వ్యవహారం.

నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణ ఒడ్డున వేల ఏళ్ల నాటి నిలువురాళ్లున్నాయి. ఒక రాతి మీద తొలిచిన గుంటలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నాయని పరిశోధకులు గుర్తించారు. 2025లో ఆ స్థలం యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరింది. ఆ గుంటలు తొలిచినవారికి ఏ బడీ లేదు.

కాబట్టి పిల్లలను వరుసలో నిలబెట్టి దూరంగా కూర్చునే అమ్మమ్మలూ తాతయ్యలూ ముందుకు రావాలి. ఎత్తు అందనివారికి స్టూలు ఉంటుంది. కళ్లజోడు తీయనక్కర్లేదు, మసకగా ఉంటే చెప్పండి, ఫోకస్ సరిచేస్తాం. ఐపీస్‌ను చేత్తో పట్టుకోకండి, కన్ను మాత్రం దగ్గరగా తెచ్చి కాసేపు అలాగే ఉంచండి. వెనక వరుస ఎంత పొడవున్నా మీకు కనబడేదాకా మేము ఆగుతాం.