క్రైస్తవ ప్రచురణకర్తకు నవల పంపేముందు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇంటిల్లిపాదీ చదివే నవలలో పాపం ఊసే ఉండొద్దు.

వాస్తవం: తాగుడు, కట్నం వేధింపులు, అక్రమ సంబంధం అన్నీ రావచ్చు. ఎంతవరకు చూపించారన్నదే ఎడిటర్ చూస్తారు. రెండవ సమూయేలు 11వ అధ్యాయం తీయండి. దావీదు బత్షెబతో చేసిన తప్పు 4వ వచనం ఒక్కదాంట్లో అయిపోతుంది. దాన్ని కప్పిపెట్టడానికి ఆమె భర్త ఊరియాను పిలిపించడం, తాగించడం, చంపించడం అధ్యాయం చివరిదాకా నడుస్తుంది. 12వ అధ్యాయంలో నాతాను ప్రవక్త వచ్చి దావీదును నిలదీస్తాడు. మీరూ పడకగది గడప దగ్గర ఆగండి. మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఏం జరిగిందో వివరంగా రాయండి. తిట్లు కూడా అంతే. ‘నోటికొచ్చినట్టు తిట్టిండు’ అని రాసి, విన్న మనిషి మొఖం చూపిస్తే చాలు. సగం బూతు రాసి చుక్కలు పెడితే చదివేవాళ్లే మిగతాది పూరించుకుంటారు.

అపోహ: క్రైస్తవ కథ అంటే ఏ చర్చిదైనా ఒకటే.

వాస్తవం: మంచి రాతప్రతులు కూడా ఇక్కడ దెబ్బతినడం బాధ కలిగిస్తుంది. కాజీపేట ఫాతిమా కెథడ్రల్ చుట్టూ కథ నడిపితే ‘ఫాదర్’, ‘పూజ’, ‘జ్ఞానస్నానం’ అనాలి. డోర్నకల్ సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘమైతే ‘అయ్యగారు’, ‘ఆరాధన’, ‘బాప్తిస్మం’. పసిబిడ్డకు బాప్తిస్మమిచ్చే సన్నివేశం సీఎస్ఐలో సహజం. అదే హనుమకొండ బాప్తిస్టు కుటుంబంలో పెడితే తప్పు. విశ్వసించినవాళ్లను నీళ్లలో ముంచి ఇచ్చేదే వాళ్లకు బాప్తిస్మం. ఆ ప్రచురణ సంస్థ ఏ సంఘానికి దగ్గరో, ఇదివరకు నవలలు వేసిందో లేదో వాళ్ల పుస్తకాల జాబితా చూశాకే పంపండి. ప్రసంగాలు, ధ్యానాలు మాత్రమే వేసేచోట మీ నవల బల్ల మీదే ఉండిపోతుంది.

అపోహ: పాత్రలు బైబిల్ భాషలో మాట్లాడాలి.

వాస్తవం: నర్సంపేట ముసలమ్మ మనవణ్ని ‘నీవు ఎచ్చటికి పోవుచున్నావు’ అని అడగదు. ‘ఏడికి వోతున్నవ్ బిడ్డా’ అంటుంది. అదే ముసలమ్మ బైబిల్ వాక్యం చదివితే మాత్రం ఒక్క అక్షరం మారకూడదు. ఏ బైబిల్ అనువాదం తీసుకున్నారో మొదటే రాసి, చివరిదాకా అదే వాడండి. గుర్తున్నంతలో రాసిన వచనం రెండు అనువాదాల కలగాపులగం అవుతుంది.

అపోహ: నవలతో పంపే కథాసారాంశంలో ముగింపు దాచాలి.

వాస్తవం: చెప్పి తీరాలి, ఒకటి రెండు పేజీల్లో. హీరో మార్పు కథలోంచి వచ్చిందా, ఆఖరి అధ్యాయంలో పాస్టర్ ప్రసంగంలోంచి ఊడిపడిందా అన్నది ముగింపు తెలిస్తేనే తేలుతుంది. మొదటి మూడు అధ్యాయాలు అడిగితే ఆ మూడే పంపండి, బాగున్నవి ఏరి కాదు.

అపోహ: డీటీపీ చేయించిన ఫైలుంటే చాలు.

వాస్తవం: అను ఫాంట్లలో కొట్టిన ఫైలు ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలుగా తెరుచుకుంటుంది. ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చండి. మార్చేటప్పుడు వత్తులు చెదురుతాయి. ‘క్రీస్తు’, ‘ప్రార్థన’, ‘స్తోత్రం’ ఉన్నచోట్లు ముందు చూసుకోండి. సరిపోల్చుకోవడానికి పీడీఎఫ్ జతచేయండి.

అపోహ: కాపీరైట్ రిజిస్టర్ చేయకుంటే కథ చేజారుతుంది.

వాస్తవం: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినప్పటి నుంచే హక్కు మీది. చేజారేది ఒప్పందం దగ్గర. హక్కులు రాసిచ్చే పత్రంలో కాలం లేకపోతే చట్టం 5 ఏళ్లుగా, ప్రాంతం లేకపోతే భారతదేశం వరకుగా లెక్కిస్తుంది. రాసిచ్చిన హక్కును ఏడాదిలోగా వాడకపోతే, పత్రంలో వేరేగా లేనంతవరకు, ఆ బదిలీ రద్దయినట్టే. అచ్చు గడువు, రాయల్టీ శాతం, అనువాదం, ఆడియో హక్కులు విడివిడిగా రాయించుకున్నాకే సంతకం పెట్టండి.