క్లారినెట్ మౌత్‌పీస్: ఘనత రబ్బరుదా, వంపుదా?

3డీ ప్రింటర్‌తో చేసిన మౌత్‌పీస్‌లు (నోట పెట్టుకుని ఊదే భాగాలు) వచ్చాక క్లారినెట్ ఊదేవాళ్ల మధ్య పాత తగాదా మళ్లీ రాజుకుంది. 20వ శతాబ్దం తొలినాళ్లలో పారిస్‌కు చెందిన షెడ్విల్ కుటుంబం చేసిన గట్టి రబ్బరు మౌత్‌పీస్‌ల నాదం మరి దేనికీ రాదని ఒక వర్గం పట్టు. ఆ రబ్బరులోనే మహత్యం ఉందంటారు.

క్లారినెట్‌కు రూపమిచ్చిన డెన్నర్ కాలం నుంచి ఎత్తుకోనక్కర్లేదు. అసలు మలుపు 1851లో వచ్చింది. ఆ ఏడాది అమెరికాలో నెల్సన్ గుడ్‌ఇయర్ గట్టి రబ్బరుకు పేటెంటు తీసుకున్నాడు. అప్పటిదాకా మౌత్‌పీస్‌లు ఎక్కువగా చెక్కవే. ఊపిరి తేమకు చెక్క ఉబ్బేది, ఆరితే వంకరపోయేది. దాంతో రీడ్ (ఊదితే కంపించి నాదం పలికించే పలచటి బద్ద) ఆనే వంపు, అదే ఫేసింగ్, చెడేది. నిన్న తేలిగ్గా పలికిన స్వరం ఇవాళ మొరాయించేది. రబ్బరు నెగ్గింది నాదంతో కాదు, చెక్కిన వంపును చెక్కినట్టే నిలపడంతో.

వంపు నిలిచాకే దాన్ని కొలవడానికి అర్థం వచ్చింది. అమెరికాలోని ఎల్కార్ట్‌లో పనిచేసిన ఎరిక్ బ్రాండ్ పేరుతో గాజు స్కేలు, పలచటి ఉక్కు రేకుల పద్ధతి వాడుకలోకి వచ్చింది. అన్నిటికన్నా పలచటి రేకు మందం 0.0015 అంగుళం. మౌత్‌పీస్‌ను గాజుకు ఆనించి, సందులోకి రేకు ఎంతదాకా దూరుతుందో చూస్తారు. అది ఒక పక్క ముందే ఆగిందంటే రెండు అంచులూ సమంగా లేవన్నమాట. అలాంటిదాని మీద రీడ్ మొండికేస్తుంది, లేదా కీచుమంటుంది.

వాండోరెన్ కంపెనీ మౌత్‌పీస్‌లనే చూడండి: బీ45 రకానికి కొన దగ్గర రీడ్‌తో ఉండే సందు 1.195 మి.మీ., 5ఆర్‌వీ లైర్‌ది 1.095. తేడా మిల్లీమీటరులో పదో వంతే. ఆ కాస్తకే రీడ్ నంబరు, అంటే దాని గట్టిదనం, మార్చాల్సి రావచ్చు. కొన వెనకే లోపలి వైపు ఉండే వాలు, అదే బాఫుల్, ఎత్తుగా ఉంటే స్వరం చురుగ్గా లేస్తుంది, కాస్త పదునెక్కుతుంది కూడా. లోతు చేస్తే మెత్తబడుతుంది. ఇక దేంతో చేశారన్న సంగతికొస్తే, క్లారినెట్ గొట్టం గోడల కంపనానికి నాదంలో చెప్పుకోదగ్గ పాత్ర లేదని భౌతిక శాస్త్రవేత్త జాన్ బాకస్ 1964లోనే తేల్చాడు.

పాత రబ్బరు మీద సన్నని పనితనం బాగా నిలుస్తుందన్న మాట నిజమే. అయితే ఆ పాత మౌత్‌పీస్‌లలో చాలావాటికి తర్వాతి కాలంలో ఫేసింగ్ మళ్లీ చెక్కించారు. వాటిలో పలికేది షెడ్విల్ వంపని కూడా అనలేం!

ప్రింటర్ సరుకును పరీక్షించాల్సిందీ వంపు దగ్గరే. రీడ్ బిగించి, కింది రంధ్రాన్ని అరచేత్తో మూసి, గాలి పీల్చాలి. రీడ్ ఓ క్షణం అతుక్కుని టప్పున విడితే సరే. వెంటనే వదిలేస్తే ఎక్కడో గాలి పోతోంది.