సింధు చెప్పింది సరే, చేతులు కడిగించింది ఎవరు?

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. అదే రోజు అమెరికాలోని ఓక్లహోమా సిటీలో ఒక బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఇక మొదలవుతుందనగా ఆగిపోయింది. యూటా జాజ్ జట్టు ఆటగాడు రూడీ గోబేర్‌కు వైరస్ సోకిందని తేలడంతో ఆ రాత్రే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ సీజన్ మొత్తాన్ని నిలిపివేశారు. మర్నాడు ఆంధ్రప్రదేశ్‌లో తొలి కేసు బయటపడింది. అదీ మన నెల్లూరులోనే, ఇటలీ నుంచి వచ్చిన ఒక యువకుడిలో.

ఈ గోబేరే అంతకు రెండు రోజుల ముందు విలేకరుల సమావేశం ముగించుకుని లేస్తూ, బల్లమీదున్న మైకులన్నింటినీ వేళాకోళంగా తడిమి వెళ్లాడు. తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. అయితే ఎన్ని ప్రకటనలు వేసినా కలగనంత భయం ఆ ఒక్క మ్యాచ్ ఆగడంతో కలిగి ఉంటుందని నా అంచనా. గణాంకాలకు ముఖం ఉండదు, ఆటగాడికి ఉంటుంది.

ఆ ముఖాన్ని వాడుకోవాలని అందరికీ తోచింది. మార్చి నెలాఖరులో ఫిఫా, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 28 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లతో 13 భాషల్లో ప్రచారం మొదలుపెట్టాయి. మన పి.వి. సింధు చేతులు కడుక్కునే సవాలు స్వీకరించి వీడియో పెట్టింది, విరాట్ కోహ్లీకి, సానియా మీర్జాకు అదే సవాలు విసిరింది. ఏప్రిల్ 3న ప్రధాని నలభై మంది క్రీడాకారులతో వీడియోలో మాట్లాడి, ప్రజలకు నచ్చజెప్పండని కోరారు.

సింధు చెప్పిన మాటలో శాస్త్రం గట్టిదే. కరోనా వైరస్ పైపొర కొవ్వుతో చేసింది. సబ్బు అణువుకు ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, రెండో కొస కొవ్వులోకి దూరుతుంది. అలా దూరి పొరను చీలుస్తుంది. దానికి కాస్త సమయం పడుతుంది కాబట్టే ఇరవై సెకన్లు రుద్దమన్నారు. ఇది అందరూ విన్నారు. విన్నవాళ్లందరూ రుద్దారా అన్నది వేరే ప్రశ్న.

మనిషి చెవితో నేర్చుకునేదానికన్నా కంటితో నేర్చుకునేది ఎక్కువ. పక్కవాళ్లు ఏం చేస్తున్నారో చూసి, అదే పద్ధతి కాబోలనుకుంటాడు. ఈ లెక్కన మహమ్మారి కాలంలో క్రికెట్ ఇచ్చిన అసలు సందేశం వీడియోల్లో లేదు, నిబంధనల్లో ఉంది. 2020 జూన్‌లో ఐసీసీ బంతికి ఉమ్మి రాయడాన్ని నిషేధించింది. జట్టుకు రెండు హెచ్చరికలు, ఆపైన అయిదు పరుగుల జరిమానా. ఏళ్ల తరబడి చేతివేలు తనంతట తానే నోటి దగ్గరికి వెళ్లే బౌలర్, సగంలో ఆగి, చేతిని ప్యాంటుకు తుడుచుకోవడం టీవీలో లక్షల మంది చూశారు. 2022లో ఆ నిషేధాన్ని శాశ్వతం చేశారు.

మన పల్లెల ఆట కబడ్డీకి ఇంత సులువు దారి లేదు. సాయంత్రం పూట బడి మైదానంలో చూడండి. కుర్రాడు వంగి గీత తాకుతాడు, అరచేతులకు మట్టి రాసుకుంటాడు, తొడ చరిచి కూతకు వెళతాడు. ఊపిరి తీసుకోకుండా, ఎదుటివాళ్లకు బారెడు దూరంలో, గొంతెత్తి అదే మాట. గొంతు పెరిగేకొద్దీ నోటినుంచి వెలువడే సూక్ష్మ తుంపరలు పెరుగుతాయని 2019లోనే ఒక పరిశోధన కొలిచి చూపింది. కూతే ప్రాణమైన ఆటలో కూత మానేయమని ఎవరు చెప్పగలరు? ప్రొ కబడ్డీ లీగ్ 2020లో అసలు జరగలేదు. 2021 డిసెంబరులో బెంగళూరులో ప్రేక్షకులు లేకుండా, ఆటగాళ్లను బయటివాళ్లకు దూరంగా ఉంచి మళ్లీ మొదలుపెట్టారు.

ఇక ప్రముఖులు చెబితే ఏ మేరకు పని జరుగుతుందో కొలిచినవాళ్లున్నారు. ఇండోనేషియాలో 2015-16లో 46 మంది ప్రముఖులు, సంస్థల ట్విట్టర్ ఖాతాల నుంచి టీకాల మీద సందేశాలు పంపించారు. ప్రముఖుడు వేరేవాళ్ల మాటను పంచుకున్నప్పటికన్నా తన మాటగా చెప్పినప్పుడు జనం దాన్ని ముందుకు పంపే అవకాశం 72 శాతం ఎక్కువగా ఉంది. ఫలానా సంస్థ చెప్పిందంటూ ఆధారం చూపితే మాత్రం 27 శాతం తగ్గింది! ఆధారాలు చూపమని విద్యార్థుల ప్రాణం తీసే మాబోటివాళ్లకు ఇది మింగుడుపడని ఫలితం. అభిమాని తన ఆటగాడి నోట ఆటగాడి మాటే వినాలనుకుంటాడు, ప్రభుత్వ ప్రకటన కాదు.

ఇదే బలం ఎదురు తిరిగినా అంత దూరమూ పోతుంది. టీకా వేయించుకోని టెన్నిస్ ఆటగాడు జొకోవిచ్‌ను 2022 జనవరిలో ఆస్ట్రేలియా వెనక్కి పంపినప్పుడు, టీకా వద్దనే వాళ్లకు అడగకుండానే ఒక నాయకుడు దొరికాడు.

నాకు ఇంతకన్నా ఆసక్తి కలిగించింది హరియాణా ప్రయోగం. అక్కడ పరిశోధకులు ఊళ్లలో కొన్ని ఇళ్లకు వెళ్లి, ‘ఏదైనా కబురు ఊరంతా తెలియాలంటే ఎవరికి చెప్పాలి?’ అని అడిగారు. జనం చెప్పిన ఆ మనుషులకే పిల్లల టీకాల కబురు అందించారు. ఎవరో ఒకరిని ఎంచుకుని కబురు చెప్పిన ఊళ్లకన్నా ఈ ఊళ్లలో టీకా శిబిరాలకు వచ్చిన పిల్లలు దాదాపు 22 శాతం ఎక్కువ. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన సామెత. ఈ ప్రయోగం దాన్ని తిరగేసింది.

నెల్లూరు జిల్లాకు ఇది కొత్తేమీ కాదు. 1990 దశకం మొదట్లో అక్షరాస్యతా కేంద్రాల్లో ఇచ్చిన వాచకంలో, ఆడవాళ్లు ఏకమై సారాకొట్టు మూయించిన కథ పాఠంగా ఉండేది. దూబగుంట రోశమ్మ, ఆమె చుట్టుపక్కల ఆడవాళ్లు ఆ దారిలో నడిచారు. ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఏ తారా వచ్చి చెప్పలేదు.

పెరటి చెట్టు మీద నమ్మకం ఎంత బలమైనదో 2021 మేలో కృష్ణపట్నంలోనూ చూశాం. కోవిడ్‌కు స్థానిక నాటువైద్యుడు ఆనందయ్య ఇచ్చే మూలికల మందు కోసం వేల మంది ఎడం లేకుండా బారులు తీరారు. మందు గుణం సంగతి అటుంచండి, కోవిడ్ ఉధృతంగా ఉన్న నెలలో ఆ గుంపే ఒక ప్రమాదం. అప్పటికి ఏడాదికి పైగా టీవీల్లో ‘ఎడం పాటించండి’ అని ఆటగాళ్లు, నటులు చెబుతూనే ఉన్నారు. చూసినవాళ్లే వచ్చి నిలబడ్డారు.

కాబట్టి సింధు వీడియో వద్దని కాదు. అది చెవి తెరుస్తుంది. ఆ తర్వాత పని చేయవలసింది ఆశా కార్యకర్త, బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు, కబడ్డీ జట్టు నాయకుడు. ఇంకొకరినీ కలుపుతాను. ప్రకాశం జిల్లాలో ఎడ్ల బండలాగుడు పోటీలకు వెళ్లినవాళ్లకు మైకు ముందు కూర్చునే మనిషి తెలిసే ఉంటాడు. ఏ జత ఏ ఊరిది, యజమాని ఎవరు, ఎన్ని అడుగులు లాగింది అంటూ ఎండలో గంటల తరబడి జనాన్ని కదలనివ్వడు. హరియాణాలో అడిగిన ప్రశ్నను ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లలో అడిగితే ఇలాంటివాళ్ల పేర్లే వస్తాయని నా నమ్మకం. అడగడానికి పెద్ద ఖర్చు లేదు, ఒక్కో ఊళ్లో పదిపదిహేను గడపలు తొక్కితే చాలు. జ్వరాలు మొదలయ్యాక కాకుండా, పోటీలు జోరుగా సాగే సంక్రాంతికి ముందే ఆ జాబితా పంచాయతీల చేతిలో ఉండాలి.