జాజ్, సన్నాయి, ఊరి రేడియో: అపోహలు - వాస్తవాలు

గోదావరి డెల్టాలోని మా కమ్యూనిటీ రేడియోలో ఆదివారం రాత్రి వచ్చే సంగీత కార్యక్రమం బాధ్యత నాది. మొదటి సగం జాజ్, రెండో సగం చుట్టుపక్కల ఊళ్ళలో మేమే రికార్డు చేసిన కచేరీలు. ఈ జత కుదరదని చెప్పేవారికి కొదవ లేదు. స్టేషన్‌కు ఫోన్ చేసేవారు కొందరు, గుడి మెట్ల మీద నిలదీసేవారు కొందరు, పెళ్ళి భోజనాల బంతిలో పక్కన కూర్చుని సలహాలు వడ్డించేవారు ఇంకొందరు. వారి మాటలకు ఒకచోట జవాబు రాసిపెడితే ఈసారి బంతిలో ప్రశాంతంగా తినవచ్చని ఆశ.

అపోహ: జాజ్ పెద్ద హోటళ్ళ సంగీతం. పల్లెటూళ్ళకు దానితో ఏం పని?

హోటళ్ళలో వాయించిన మాట నిజమే. 1930లలో బొంబాయి తాజ్‌మహల్ హోటల్లో జాజ్ బృందాలు ఉండేవి. అమెరికా నుంచి వచ్చిన పియానో విద్వాంసుడు టెడ్డీ వెదర్‌ఫర్డ్ మన దేశంలోనే ఉండిపోయి 1945లో కలకత్తాలో కన్నుమూశాడు. గోవా వాద్యకారులు హోటళ్ళలోనూ సినిమా స్టూడియోల్లోనూ వాయించబట్టే జాజ్ పోకడలు హిందీ పాటల్లోకి వచ్చాయి. కానీ అది జాజ్ మన దేశంలోకి వచ్చిన గుమ్మం మాత్రమే, పుట్టిన ఇల్లు వేరు.

పుట్టింది న్యూ ఆర్లీన్స్‌లో. అదీ డెల్టా ఊరే, మిసిసిపీ నది సముద్రంలో కలవబోయే చోట ఉంటుంది. వరద, తుపాను, ఉక్కపోత అన్నీ మనకు తెలిసినవే. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి కుటుంబాలవారు సైనిక బ్యాండ్ల ద్వారా వచ్చిన ట్రంపెట్లు, క్లారినెట్లు, డ్రమ్ములు చేతబట్టారు. ఊరేగింపుల్లో, శవయాత్రల్లో వాయించారు. శ్మశానానికి వెళ్ళేటప్పుడు బరువుగా, నెమ్మదిగా, తిరిగి వచ్చేటప్పుడు కాళ్ళు ఆగనంత హుషారుగా. మన బ్యాండు మేళంలో ఉన్నవీ ఆ వాద్యాలే, అవి మనకు చేరిందీ బ్రిటిష్ సైనిక బ్యాండ్ల దారినే. పెద్ద వయసులో పోయినవారిని బ్యాండుతో సాగనంపడం మనకూ అలవాటే. సమాజం కింది మెట్టు మీద నిలబెట్టినవారి చేతుల్లోనే ఆ వాద్యాలు అక్కడా ఇక్కడా బతికాయి. ఇంత దగ్గరి చుట్టరికం ఉన్న సంగీతాన్ని హోటల్ గదికి అప్పగించి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇక్కడ ఒక పక్కమాట. జాజ్‌కు దగ్గరి చుట్టమైన నల్లజాతివారి పాటల సంగీతం బ్లూస్. దానికి పుట్టిల్లని చెప్పే ‘మిసిసిపీ డెల్టా’ వేరు. అది సముద్రానికి చాలా ఎగువన, మిసిసిపీ, యాజూ నదుల మధ్య ఉన్న పల్లపు నేల. రెండింటినీ కలిపేసి మాట్లాడే వ్యాఖ్యాతలు రేడియోల్లో ఇప్పటికీ ఉన్నారు.

ఇంత చెప్పినా నమ్మనివారికి పాలకొల్లు పేరు చెబుతాను. మాండలిన్ యు. శ్రీనివాస్ 1969లో పుట్టింది ఆ ఊళ్ళోనే. జంట తంత్రులుండే మాండలిన్‌కు ఒంటి తంత్రులు వేసి, విద్యుత్ వాద్యంగా మార్చుకుని, కర్ణాటక గమకాలను, అంటే స్వరాన్ని ఊపి, జారించి పలికే పద్ధతిని, దాని మీద పలికించిన మనిషి. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి ఇంకా పద్నాలుగేళ్ళ పిల్లవాడు. తరువాత జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్‌లతో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో లోకమంతా తిరిగాడు. 2014లో 45 ఏళ్ళకే పోయాడు. జాజ్‌తో మనకేమిటని పాలకొల్లు నుంచి ఫోన్ చేసి అడిగేవారికి నా దగ్గర వేరే జవాబు లేదు.

అపోహ: జాజ్ అంటే ఎవరికి తోచింది వారు వాయించుకోవడం.

ఈ మాట సంగీతం నేర్చినవారి నోటే ఎక్కువగా వింటాను, అందుకే కొంచెం ఎక్కువ చెప్పాలి. చాలా జాజ్ పాటలకు 32 బార్ల చట్రం ఉంటుంది. బార్ అంటే తాళంలో ఒక చిన్న కొలత, సాధారణంగా నాలుగు దెబ్బలు. ఎనిమిదేసి బార్ల నాలుగు భాగాలు: మొదటిది, మళ్ళీ అదే, మధ్యలో వేరొకటి, చివర మొదటిదే. ముందు అందరూ కలిసి అసలు వరుస వినిపిస్తారు. ఆ తరువాత ఒక్కొక్కరు ఆ 32 బార్ల ఆవృత్తం మీద తమ కల్పన చేస్తారు. డ్రమ్ముల వాద్యకారుడితో నాలుగేసి బార్లు ఇచ్చిపుచ్చుకుంటారు. చివరికి మళ్ళీ అసలు వరుసకు వస్తారు. వాయించని సమయంలో కూడా ప్రతి ఒక్కరికీ లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది. కర్ణాటక కచేరీలో అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలు, మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం విన్న చెవికి ఇందులో అర్థం కానిదేమీ లేదు.

ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 1959 ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో మొదటి పాట ‘సో వాట్’ తీసుకోండి. పదహారు బార్లు ఒక స్వరవరుస మీద నడుస్తుంది. ఆ వరుసలో ఉన్నవి మన ఖరహరప్రియ రాగం స్వరాలే. తరువాతి ఎనిమిది బార్లకు ఆ వరుస మొత్తం అర స్వరం పైకి జరుగుతుంది. చివరి ఎనిమిదింటికి మళ్ళీ కిందికి దిగుతుంది. మా కార్యక్రమంలో ముందు సన్నాయి మీద ఖరహరప్రియ ఆలాపన కొద్దిగా వినిపించి, వెంటనే ఆ పాట పెడతాం. పైకి జరిగే చోటు గుర్తుపట్టమని శ్రోతలకు చెబుతాం. గుర్తుపట్టినవారు పాట అయ్యేదాకా కూడా ఆగరు, ఫోన్ మోగుతుంది.

అయితే ఈ పోలికను సాగదీస్తే తెగుతుంది. స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటి కాదు. ఆ పాటలో ఖరహరప్రియ గమకాలు లేవు, రాగసంచారమూ లేదు. మన కచేరీలో తంబురా శ్రుతి మొదటి నుంచి చివరిదాకా కదలదు. జాజ్‌లో కింద స్వరసంపుటాలు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు (కార్డ్‌లు), మారుతూ ఉంటాయి, వాద్యకారుడు వాటితోపాటు దారి మార్చుకుంటూ పోవాలి. వారి కష్టమంతా అక్కడే. బ్లూస్‌లో వినిపించే ఐదు స్వరాల వరుస శుద్ధ ధన్యాసి రాగంలా ఉందని మురిసిపోయేవారికీ ఇదే చెబుతాను. మెట్లు అవే, కానీ బ్లూస్ గాయకులు మెట్ల మధ్య సందుల్లో పాడతారు.

అపోహ: సాక్సఫోన్ వినిపించిందంటే జాజే.

కాదు. సాక్సఫోన్ బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ సాక్స్ తయారుచేసి 1846లో పేటెంట్ పొందిన వాద్యం. అప్పటికి జాజ్ ఊసే లేదు. మైసూరు రాజభవనం బ్యాండులో దాన్ని విన్న కద్రి గోపాల్‌నాథ్ దాని మీద కర్ణాటక సంగీతం వాయించి 1994లో లండన్‌లోని బీబీసీ ప్రామ్స్ సంగీతోత్సవం దాకా వెళ్ళారు.

అపోహ: కమ్యూనిటీ రేడియోలో విదేశీ సంగీతం నిషేధం.

నిషేధం లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో తలుపు తెరిచిన మార్గదర్శకాలు 2006లో వచ్చాయి. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలనీ, వీలైనంతవరకు స్థానిక భాషలో ఉండాలనీ అవి చెబుతాయి. అందుకే మా జాజ్ గంటకు వ్యాఖ్యానం పూర్తిగా తెలుగులోనే ఉంటుంది. మాకు నిజంగా వీలులేనిది సొంత వార్తలు చదవడం.

అపోహ: పాత రికార్డులకు హక్కులు ఉండవు. గుడిలో కచేరీ అందరిదీ.

చేయి కాలేది ఇక్కడే. మన కాపీరైట్ చట్టంలో శబ్దముద్రణకు (రికార్డుకు) హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. పైన చెప్పిన 1959 ఆల్బమ్ ముద్రణకు అది 2019 చివరితో తీరిపోయింది. కానీ ఆ బాణీల సంగతి వేరు. వాటికి స్వరకర్త మరణానంతరం 60 ఏళ్ళు. మైల్స్ డేవిస్ పోయింది 1991లో, అంటే 2051 చివరిదాకా బాణీలకు హక్కు ఉంటుంది. రికార్డు స్వేచ్ఛగా దొరికినా బాణీకి లైసెన్సు కావాలి.

త్యాగరాజ కృతికి ఆ చిక్కు లేదు. అయినా దాన్ని గుడిలో వాయించిన సన్నాయి విద్వాంసుడికి హక్కు ఉంది. ప్రదర్శన ఇచ్చినవారి హక్కు 50 ఏళ్ళు, వారి అనుమతి లేకుండా రికార్డు చేయరాదు, ప్రసారం చేయరాదు. ఆలయ కమిటీ పెద్దలు ‘చేసుకోండి బాబూ’ అంటే సరిపోదు. మా అంగీకార పత్రం ఒక్క పేజీ, తెలుగులో ఉంటుంది. చదవలేనివారికి చదివి వినిపిస్తాం. డోలు వాయించేవారి సంతకం తీసుకోవడం అందరూ మరిచిపోతారు. శ్రుతి పట్టేవారిది సరేసరి, అసలు గుర్తేరాదు.

పెళ్ళి ఊరేగింపులో బ్యాండువారు సినిమా పాట వాయించడానికి చట్టంలో మినహాయింపు ఉంది. దాన్నే మేము రికార్డు చేసి ప్రసారం చేస్తే ఆ మినహాయింపు మాకు రాదు.

అపోహ: మైకు ఎంత దగ్గరగా ఉంటే రికార్డింగు అంత బాగుంటుంది.

సన్నాయి ముందు మైకు పెట్టి చూడండి, తెలుస్తుంది. ఆరేడు అడుగుల దూరంలో, కొంచెం ఎత్తున, పక్కకు తిప్పి పెట్టాలి. రంధ్రాల నుంచి వచ్చే నాదం, గొట్టం చివరి నుంచి వచ్చేది అక్కడ కలుస్తాయి. డోలుకు ఒక వైపు తొడుగులు వేసుకున్న వేళ్ళు, రెండో వైపు కర్ర. మైకు వాద్యకారుడికి ఎదురుగా ఉంటేనే రెండూ సమంగా పడతాయి. రికార్డరులో శబ్దం మట్టం మైనస్ పన్నెండు డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటాం, ఎందుకంటే తారస్థాయికి ఎప్పుడు వెళతారో వాయించేవారికే తెలియదు.

మైకుసెట్టు నుంచి నేరుగా తీగ లాక్కోవచ్చు కదా అంటారు. మిక్సరు లైన్ అవుట్ నుంచి అయితే సరే. హారన్లకు వెళ్ళే తీగ నుంచి మాత్రం వద్దు. అందులో 100 వోల్టుల దాకా ఉంటుంది, రికార్డరు అక్కడికక్కడే పోతుంది. కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థంలాంటి చోట ఏ తీగా పనికిరాదు. కనుమ నాడు పొలాలకు అడ్డంపడి వచ్చే ప్రభలు, బ్యాండ్లు, బాణసంచా మధ్య చేతిలో రికార్డరు పట్టుకుని మేళంతోపాటు నడవడమే.

అపోహ: జాజ్ వినాలంటే స్టీరియో, ఖరీదైన స్పీకర్లు కావాలి.

తొలి నలభై ఏళ్ళ జాజ్ రికార్డులు దాదాపు అన్నీ మోనోయే, అంటే కుడి ఎడమలు లేని ఒకే దారి శబ్దం. మా ప్రసారమూ మోనోయే. 100 వాట్ల పరిమితిలో, 30 మీటర్లు మించని టవరుతో, స్టీరియోకన్నా మోనో శుభ్రంగా, ఎక్కువ దూరం వినిపిస్తుంది.

అపోహ: రాత్రి పదింటికి జాజ్ ఎవరు వింటారు?

రొయ్యల చెరువుల కాపలావారు వింటారు. రాత్రి గడిచేకొద్దీ నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, తెల్లవారుజామున మరీ పడిపోతుంది. నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగకుండా చూసుకోవాలి కనుక వారికి నిద్ర ఉండదు. ఆ యంత్రాల హోరులో డ్రమ్ము మీద బ్రష్షుతో రాసే చప్పుడు వినపడదు. అందుకే ఆ గంటకు మెత్తటి పాటలు తగ్గించి, ట్రంపెట్ ముందుండేవి ఎంచుకుంటాను. పాటల ఎంపికలో అభిరుచి ఎంతో, ఏరేటరు కూడా అంతే.

అపోహ: రేడియోలో పేరు వస్తుంది కదా, మేళంవారికి డబ్బెందుకు?

పేరుతో బియ్యం రావు. మాకు గంటకు 12 నిమిషాల ప్రకటనలకు అనుమతి ఉంది. ప్రభుత్వ ప్రకటన ధరను 2024లో పది సెకన్లకు 74 రూపాయలు చేశారు. ఆ 12 నిమిషాలూ నిండితే గంటకు 5,328 రూపాయలు. ఎప్పుడూ నిండదు. అయినా వచ్చినదాంట్లో సన్నాయికి, డోలుకు, శ్రుతికి వేర్వేరు కవర్లు ఇస్తాం, అంతా ఒకరి చేతిలో పెట్టం. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, మేళాలకు పని ఉండదు. మా స్టూడియో రికార్డింగులు వీలైనంతవరకు ఆ నెలలోనే పెట్టుకుంటాం.