లైన్ బయట నిలబడే అమ్మానాన్నలకు: పిల్లల ఫుట్‌బాల్‌లో అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టి 13 ఏళ్లయింది. పిల్లలకు ఆఫ్‌సైడ్ (మనవాళ్లు పాస్ ఇచ్చే క్షణానికే అవతలి డిఫెండర్లను దాటి ముందు నిలబడకూడదనే రూల్) ఎన్నిసార్లు చెప్పానో గానీ, పెద్దలకు "అన్నా, జర సప్పుడు చేయకుండ ఉండు" అని అంతకంటే ఎక్కువసార్లు చెప్పి ఉంటాను. మొన్న ఆదివారం మళ్లీ అదే తంతు. అండర్-10 మ్యాచ్, జట్టుకు ఏడుగురు. లైన్ పక్కన నిలబడ్డ ఒకాయన "కొట్టు... అరె ఇయ్యి... ఎన్కకు ఉరుకు!" అని ఒక్క ఊపిరిలో మూడు పనులు చెప్పాడు. కాళ్ల దగ్గర బాల్ పెట్టుకున్న పిల్లాడు ఆగిపోయి ఆయన వైపు చూశాడు. అంతలోనే అవతలి జట్టు పాప బాల్ లాక్కుని వెళ్లిపోయింది. "చూసిన్రా సార్, మావోనికి ధ్యాసే లేదు" అన్నాడాయన నాతో.

అపోహ: బయటి నుంచి చెబుతూ ఉంటేనే పిల్లలు బాగా ఆడతారు.

వాస్తవం: చెప్పేకొద్దీ ఆట చెడిపోతుంది. బాల్ కాలికి రాకముందే ఆటగాడి పని మొదలవుతుంది. మనవాళ్లు ఎక్కడున్నారు, ఖాళీ ఎక్కడుంది, మీదికి ఎవరొస్తున్నారు అని మెడ తిప్పి చూసుకోవాలి. టీవీలో మ్యాచ్ చూసేటప్పుడు బాల్‌ను వదిలేసి మైదానం మధ్యలో ఆడే ఒక మిడ్‌ఫీల్డర్ తలనే గమనించండి, తెలుస్తుంది. తొమ్మిదేళ్ల పిల్లలకు అన్నిటికంటే కష్టమైన పని ఇదే. వచ్చే బాల్‌ను ఆపడానికే వాడి ధ్యాసంతా సరిపోతుంది. మిగిలిన కాస్త ధ్యాసతో చుట్టూ చూసుకోవాల్సినవాడు, మీ గొంతు వినగానే మీ మొహం చూస్తాడు. మీకు తోచి, మీరు "కొట్టు" అని, అది వాడి చెవిన పడి, కాలు లేచేసరికి ఆ సందు మూసుకుపోతుంది. ఇలా రెండేళ్లు ఆడిన పిల్లలు నా దగ్గరికి వస్తారు. బాల్ అందగానే ఆగి, ఎవరైనా ఏమైనా చెబుతారేమోనని చూస్తారు. ఆ అలవాటు మాన్పించడానికి ఇంకో రెండేళ్లు పడుతుంది.

పైగా వారమంతా నేనేం చెప్పానో మీకు తెలియదు. నెల కింద ఒక పిల్లాడికి "ఈ రోజు ఎడమ కాలే వాడు, బాల్ పోతే పోనీ" అని చెప్పి గ్రౌండ్‌లోకి పంపాను. మూడుసార్లు బాల్ పోయింది. "కుడికాలు, కుడికాలు" అని వాళ్ల నాన్న గొంతు చించుకున్నాడు. నాలుగోసారి వాడు కుడికాలితోనే తన్నాడు, గోలైంది. అందరూ చప్పట్లు. నా నెల రోజుల పని గోవిందా. మన హైదరాబాద్ రహీం సాబ్, అదే సయ్యద్ అబ్దుల్ రహీం, టీచర్‌గా పనిచేసి కోచ్ అయినాయన. 1951లో, 1962లో ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్లు ఆయన తయారు చేసినవే. బలహీనమైన కాలితోనే ఆడాలని షరతు పెట్టి ఆయన పోటీలు నడిపేవారు. ఆ పోటీలకు మన నాన్నలు వచ్చి ఉంటే ఏమయ్యేదో!

మూడేళ్ల కింద ఒక రైట్ వింగర్, అంటే కుడి పక్క లైన్ వెంట ఆడేవాడు, ఉండేవాడు. మొదటి సగంలో వాడి చోటు, వాళ్ల నాన్న నిలబడే లైన్ పక్కనే. బాల్ రాగానే భుజాలు బిగుసుకునేవి, ఎవరో ఒకరికి తోసేసి బతికాననుకునేవాడు. ఇంటర్వెల్ తర్వాత జట్లు సైడ్ మారతాయి కాబట్టి రైట్ వింగ్ అవతలి లైన్‌కు పోతుంది. అక్కడ వాడి ఆటే వేరు. ఇద్దరిని దాటేసి గోల్ ముందుకు క్రాస్ వేసేవాడు. ఇంటర్వెల్‌లో తను తాగించే గ్లూకోజ్ నీళ్ల మహిమ అనుకున్నాడు వాళ్ల నాన్న. తర్వాతి మ్యాచ్‌కు రెండు బాటిళ్లు తెచ్చాడు. ఐదు మ్యాచ్‌లు చూసి, ఆరోదానిలో ఆయన్ను మొదటి నుంచీ అవతలి పక్కన నిలబెట్టాను. పిల్లాడు మొదటి సగం దుమ్ము లేపాడు. రెండో సగంలో నాన్న దగ్గరికొచ్చి బిగుసుకుపోయాడు, గ్లూకోజ్ తాగి మరీ.

సంగతి చెబితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "అయితే నేను రాకుంటేనే మంచిదా సార్?" అన్నాడు. అట్లా కాదన్నా అన్నాను. మ్యాచ్‌కు ముందు పిల్లలందరూ ఒకసారి లైన్ వైపు చూస్తారు, మావాళ్లు వచ్చారా అని. మీరు కనబడాలి, వినబడకపోతే చాలు. అరిచేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. రాత్రంతా ఆటో నడిపి, ఇంటికి పోకుండా కొడుకు కోసం గ్రౌండ్‌కు వచ్చే మనిషికి ఎంత ఆశ ఉంటుందో నాకు తెలుసు. ఆ టెన్షన్ ఎక్కడో ఒకచోట బయటికి రావాల్సిందే. చేతిలో పల్లీల పొట్లం పెట్టుకోండి, నోటికి పని ఉంటుంది. బాగా ఆడిన తర్వాత చప్పట్లు కొట్టండి, అవతలి పిల్లలకు కూడా.

మిగతా సగం నష్టం ఇంటికెళ్లే బండి మీద జరుగుతుంది. వెనక కూర్చున్న పిల్లలు దిగి పారిపోలేరు. గ్రౌండ్ గేటు దగ్గర మొదలైన పోస్ట్‌మార్టం ఇల్లు చేరేదాకా ఆగదు. నేనూ ఈ పాపం చేసినవాణ్ణే. మా అమ్మాయి పదేళ్లప్పుడు వరుసగా మూడు ఆదివారాలు కడుపునొప్పి అంది. డాక్టర్‌కు చూపిస్తే ఏమీ లేదన్నాడు. నాలుగో వారం మా ఆవిడ చెప్పింది: "మ్యాచ్ ఆడనీకి దానికేం భయం లేదు. వచ్చేటప్పుడు మీ బండెక్కాలంటేనే." ఆర్నెల్లు అది వాళ్ల మామయ్యతో ఇంటికెళ్లింది. ఊళ్లో పిల్లలందరికీ కోచ్‌ని, నా కూతురు నా బండి ఎక్కదు. "నీళ్లు తాగినవా, ఆకలైతుందా" అని అడిగి ఊరుకోండి. ఆట సంగతి వాళ్లే ఎత్తితే వినండి.

ఇక మిగతా అపోహలు గబగబా.

రిఫరీకి రూల్స్ రావట. త్రో-ఇన్ (పక్క లైన్ దాటిన బాల్‌ను చేతులతో లోపలికి విసరడం) నుంచి నేరుగా అందుకున్న బాల్‌కు ఆఫ్‌సైడ్ ఉండదు. గోల్ కిక్‌కు, కార్నర్‌కు కూడా అంతే. అయినా త్రో-ఇన్ పడగానే "ఆఫ్‌సైడ్!" అని అరిచేవాళ్లు ప్రతి మ్యాచ్‌కూ ఉంటారు. ఆ విజిల్ పట్టుకున్నది చాలాసార్లు డిగ్రీ చదివే మన సీనియర్ పిల్లాడే. వాణ్ణి తిడితే వచ్చే ఏడాది విజిల్ ఊదడానికి ఎవరూ దొరకరు.

ఆట తెలియని తల్లిదండ్రులు సాయం చేయలేరట. కాజీపేటలో రైల్వే డ్యూటీ దిగి వచ్చిన మా నాన్న ఒకసారి మా గోల్‌లో బాల్ పడితే లేచి చప్పట్లు కొట్టాడు. టీమంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ రోజు ఓడిపోయామన్న బాధే గుర్తులేదు.

పొట్టివాడు పనికిరాడట. జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ ఒకే వయసు గ్రూపులో ఆడతారు. పదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా చిన్నదా? వాడు ఎదిగేదాకా ఆగండి.

తలతో కొడితే మెదడు పోతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. భయపెట్టేంత లేదు, కొట్టిపారేసేదీ కాదు. అమెరికాలో 2015లో పదేళ్లు, అంతకంటే చిన్న పిల్లలకు హెడింగ్ వద్దన్నారు. ఇంగ్లండ్‌లో 2020 నుంచి ప్రైమరీ పిల్లల ట్రైనింగ్‌లో అది లేదు. నేనూ చిన్నపిల్లలకు నేర్పను. దెబ్బ తగిలి తల తిరుగుతున్నా, వాంతి వచ్చినా ఆ రోజు ఆట బంద్, నేరుగా డాక్టర్ దగ్గరికే.

ఇప్పటి నుంచే కప్పులు గెలవాలట. నార్వేలో 11 ఏళ్లలోపు పిల్లలకు పాయింట్ల పట్టికలే పెట్టరు. వాళ్లకు ఆట రాదని ఎవరైనా అంటారా?

ఆడపిల్లలకు ఫుట్‌బాల్ ఎందుకని ఇప్పటికీ అడుగుతున్నారు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్లి భారత జట్టుకు ఆడిన గుగులోత్ సౌమ్య పేరు చెప్పి ఊరుకుంటాను. ఇంకో మాట: అబ్బాయైనా అమ్మాయైనా, సెలెక్షన్‌కు డబ్బులడిగే మధ్యవర్తి తగిలితే పైసా ఇవ్వకండి, ముందు నాకు చెప్పండి.

ఆ గ్లూకోజ్ నాన్న ఇప్పటికీ వస్తాడు. మ్యాచ్‌కు ముందు నా దగ్గరికొచ్చి "సార్, మావోడు ఫస్ట్ హాఫ్ ఏ దిక్కు?" అని అడిగి, వెళ్లి ఎదురు లైన్ దగ్గర నిలబడతాడు. ఇంటర్వెల్ విజిల్ పడగానే పల్లీల పొట్లం పట్టుకుని, గోల్ పోస్ట్ వెనక నుంచి చుట్టూ నడుచుకుంటూ ఈ పక్కకు వస్తాడు. అప్పటికి కొడుకు ఆ పక్కకు వెళ్తుంటాడు.