పాస్‌వర్డ్ లేని వైఫై: అపోహలు, వాస్తవాలు

లాడ్జీలకు, హాస్టళ్లకు, టిఫిన్ సెంటర్లకు వైఫై బిగించడం నా వృత్తి. రూటరులో లైట్లు వెలగగానే చాలామంది యజమానులు అడిగేది ఒకటే: "పాస్‌వర్డ్ ఎందుకండీ? వచ్చినవాళ్లు వాడుకుంటారు. పోతే కాస్త డేటానే కదా!"

అపోహ: పోయేది డేటా మాత్రమే.

పేరు కూడా పోతుంది. మీ రూటరు వెనక ఎన్ని ఫోన్లున్నా బయటికి కనిపించే ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే నంబరు) ఒక్కటే. ఫలానా సమయంలో అది ఎవరిదని పోలీసులు అడిగితే, ఇంటర్నెట్ సంస్థ చెప్పగలిగేది కనెక్షన్ తీసుకున్నవారి పేరే. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ జాడ తీస్తే, అది నవీ ముంబైలో ఒక అమెరికన్ ఉంటున్న ఫ్లాట్‌కు చేరింది. ఆయన వైఫైకి తాళం లేదు, దాన్ని ఎవరో వాడుకుని వెళ్లిపోయారు. ఆగస్టులో ముంబైలోని ఒక కళాశాల వైఫై, సెప్టెంబరులో ఢిల్లీ పేలుళ్ల రోజున చెంబూరులోని ఒక సంస్థ వైఫై ఇలాగే దుర్వినియోగమయ్యాయి. 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ వైఫై భద్రతపై ఆదేశాలు జారీ చేసింది.

అపోహ: ఎవరు వాడారో రూటరే చెబుతుంది.

ఒక లాడ్జిలో యజమాని ఎదుటే రూటరు పేజీ తెరిచాను. ఆ పూట గదుల్లో దిగినవారు తొమ్మిది మంది. జాబితాలో ఇరవై మూడు పరికరాలు! ఎదురు వీధి దాకా అందరూ మన అతిథులే అన్నమాట. చిట్టా చూద్దామంటే, మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిన సమయానికి ముందున్నదంతా ఖాళీ. మామూలు రూటర్లు చాలావరకు ఇంతే, ఆపి మళ్లీ వేస్తే పాతది మరిచిపోతాయి. పైగా ఇప్పటి ఫోన్లు తమ అసలు మ్యాక్ చిరునామా (ప్రతి పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు నంబరు) బదులు మారు చిరునామా చూపిస్తున్నాయి.

అపోహ: వైఫై పేరు దాచేస్తే చాలు.

చాలదు. ఎవరి ఫోనైనా దానికి కలిసే క్షణంలో ఆ పేరు గాలిలోనే దొరుకుతుంది.

అపోహ: ఓపెన్ వైఫైలో బ్యాంకు యాప్ తెరిస్తే డబ్బు మాయం.

ఈ భయం మా వృత్తివాళ్లే కాస్త ఎక్కువగా పెంచారు. బ్యాంకు యాప్‌లు సమాచారాన్ని సంకేత రూపంలోకి మార్చే పంపుతాయి. అసలు ప్రమాదం మీ దుకాణం పేరుతోనే మరొకరు నకిలీ వైఫై పెట్టి, లాగిన్ పేజీలో కార్డు వివరాలు అడగడం.

అపోహ: ఉచిత వైఫై ఇవ్వడమే నేరం.

కాదు. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం వాణి పథకంలో చిన్న కిరాణా కొట్టు కూడా లైసెన్సు, రుసుము లేకుండా వైఫై ఇవ్వవచ్చు. వాడేవారి గుర్తింపు, లెక్కలు అగ్రిగేటరు, అంటే ఇలాంటి కొట్లన్నిటినీ కలిపి నడిపే సంస్థ, చూసుకుంటుంది.

ఆ లాడ్జిలో బిల్లింగ్ కంప్యూటరు, సీసీ కెమెరాల రికార్డరు కూడా అతిథుల ఫోన్లతో ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. రికార్డరు పాస్‌వర్డ్ కొన్ననాటిదే. ఆ రెండింటినీ అతిథుల నెట్‌వర్క్ నుంచి విడదీశాను, అతిథులకు ఫోన్ నంబరు, ఓటీపీతో లాగిన్ పెట్టాను. మర్నాడు ఉదయం జాబితాలో పదకొండు పరికరాలే ఉన్నాయి.