అందరూ ఉన్న చోటికే అందరూ

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చే రైతుల్లో ఆలూరు, ఎమ్మిగనూరు ప్రాంతాల వారే కాక, సరిహద్దుకు అవతలనున్న కర్ణాటక పల్లెల వారు కూడా ఉంటారు. ఊళ్లోనే కొంటామనే వారున్నా అంత దూరం రావడానికి కారణం, జిన్నింగ్ మిల్లుల తరఫున కొనేవారు అక్కడ పలువురు పోటీపడి ధర వేయడమే. కొనేవారు అక్కడ చేరడానికి కారణం సరుకు అంతగా రావడమే. షెడ్లనూ కాటాలనూ మరోచోట కట్టుకోవచ్చు గానీ, ఈ ఇరుపక్షాల రాకను డబ్బు పెట్టి కట్టలేము. వాడేవారు పెరిగేకొద్దీ, వస్తువులో ఏ మార్పూ లేకపోయినా, ప్రతి ఒక్కరికీ దాని విలువ పెరగడాన్ని ఆర్థికవేత్తలు నెట్‌వర్క్ ప్రభావం అంటారు.

తీగకు అవతలి కొసన మరొకరు లేని టెలిఫోన్ ఆటబొమ్మకు కూడా పనికిరాదని అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ అధ్యక్షుడు థియోడర్ వెయిల్ 1908 నాటి వార్షిక నివేదికలోనే రాశారు. 10 ఫోన్ల మధ్య 45 జతల సంభాషణలు సాధ్యమైతే, 100 ఫోన్ల మధ్య 4,950 సాధ్యమవుతాయి. నెట్‌వర్క్ విలువ సభ్యుల సంఖ్య వర్గానికి, అంటే ఆ సంఖ్యను దానితోనే గుణిస్తే వచ్చేదానికి, అనుపాతంలో పెరుగుతుందనే మెట్‌కాఫ్ సూత్రానికి ఈ లెక్కే ఆధారం. అయితే జతలన్నిటికీ సమాన విలువ కట్టడం సరికాదని, నిజమైన పెరుగుదల అంతకంటే చాలా తక్కువని గణితవేత్త ఆండ్రూ ఒడ్లిజ్కో, ఆయన సహరచయితలు 2006లో వాదించారు. ఈ వాదనే నాకు సబబుగా తోస్తుంది. పత్తి రైతుకు వాట్సాప్ విలువ ప్రపంచంలో ఎన్ని కోట్లమంది దాన్ని వాడుతున్నారన్న దానిలో కాక, తన బంధువులూ, తన దగ్గర కొనే వ్యాపారీ, ఎరువుల అంగడివారూ అందులో ఉన్నారా అన్న దానిలో ఉంటుంది. 2004లో ఫేస్‌బుక్ హార్వర్డ్ విద్యార్థులతో మొదలై, కాలేజీ తరువాత కాలేజీగా విస్తరించి నిలదొక్కుకున్నది కూడా ఇలాంటి దగ్గరి సంబంధాల బలం మీదే.

రెండు పక్షాలున్న వేదికలో రుసుము ఎవరి దగ్గర వసూలు చేయాలన్నది మరో కీలకమైన ప్రశ్న; దీనిని ఫ్రెంచ్ ఆర్థికవేత్తలు జ్యాఁ-షార్ల్ రోషే, జ్యాఁ తిరోల్ 2003లో లోతుగా విశ్లేషించారు. యార్డులో మార్కెట్ రుసుము చెల్లించేది కొనే వ్యాపారి. ఇంటర్నెట్‌లో వెతికే మనకు సేవ ఉచితంగా అందుతుంది, ఖర్చు ప్రకటనదారుడు భరిస్తాడు.

వాడేవారందరూ కలిసి సృష్టించిన ఈ విలువ ఎవరి చేతిలో ఉండాలన్నదే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. తొలినాళ్ల మొబైల్ వాలెట్లలో ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ ఒకే కంపెనీ ఖాతా ఉండాల్సి వచ్చేది. 2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఎన్‌పీసీఐ) తెచ్చిన యూపీఐ ఆ గోడను తొలగించింది. టీ అంగడిలో అతికించిన ఒకే క్యూఆర్ కోడ్‌కు ఫోన్‌పే ఉన్నవారూ, గూగుల్‌పే ఉన్నవారూ డబ్బు పంపగలరు. అంగడి యజమాని యాప్ మార్చుకున్నా ఒక్క గిరాకీ కూడా పోదు, ఎందుకంటే ఇక్కడ నెట్‌వర్క్ ఏ ఒక్క యాప్‌కూ సొంతం కాదు. అయినప్పటికీ లావాదేవీల్లో సింహభాగం ఆ రెండు యాప్‌ల ద్వారానే జరుగుతోంది. ఏ యాప్ వాటా 30 శాతం మించరాదని ఎన్‌పీసీఐ 2020లో నియమం ప్రకటించినా, అమలు గడువును ఒకటికి రెండుసార్లు పొడిగించింది.